ఎల్ల దాటిన జ్వరం

చికున్‌గున్యా మా వైపంతా తిరిగిన ఏడు నేను తిరుపతిలో ఒక ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. తడ నుంచి ఐరాల దాకా జ్వరం వచ్చినవాళ్ళ రక్తం సీసాల్లో సేకరించి, అందులోని వైరస్ జన్యువులను పోల్చి చూసేవాళ్ళం. దోమ కాటుతో మనిషి నుంచి మనిషికి పోయేకొద్దీ వైరస్‌లో చిన్నచిన్న మార్పులు వస్తుంటాయి. వాటిని బట్టి ఏ ప్రాంతం నుంచి ఏ ప్రాంతానికి పోయిందో కొంతవరకు చెప్పవచ్చు. ఆ సీసాల్లో మా అక్క రక్తం ఉంది. వాళ్ళ అత్త రక్తమూ ఉంది.

మా పుట్టినూరు ఐరాల దగ్గర. అక్కను పక్క ఊరికే ఇచ్చారు. జ్వరం మొదట మా ఊళ్ళోనే బయటపడింది. అమ్మ మంచం దిగలేకపోతే అక్క వచ్చి కొన్నాళ్ళు చేసిపెట్టింది. తిరిగి బస్సెక్కేనాటికే తనకూ ఒళ్ళు వెచ్చబడింది. ఆ వారమే మా ఊరివాళ్ళు జబ్బును సాగనంపారు. పసుపన్నం, వేపాకు కుండలో పెట్టి, పాత చేటలతో సహా మోసుకుపోయి పొలిమేరలో దించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశారు. ఆ పొలిమేర అవతలిది అక్క వాళ్ళ ఊరే. మన పీడ వదిలితే చాలు, పక్కవాళ్ళు ఏమైపోతేనేం! నాకు అప్పుడూ ఒళ్ళు మండింది, ఇప్పుడూ మండుతుంది.

తర్వాత అక్క వాళ్ళ ఊరు ఊరంతా పడకేసింది. అత్త మళ్ళీ లేవలేదు. ఆమె అక్కను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కాన్పుకు కూడా పుట్టింటికి పంపకుండా తనే దగ్గరుండి చేసింది. అలాంటి మనిషి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకోవడానికి వేళ్ళు వంగక ఏడ్చి ఏడ్చి పోయింది.

దినాలయ్యాక అక్కను చూడడానికి వెళ్ళాను.

"మనూరోళ్ళు కుండ తెచ్చి పెట్టి ఆమెను సంపినారంటా ఉండారు మే, ఊళ్ళో. మీ ల్యాబులో ఏం తేలింది?" అని అడిగింది.

నాకు కోపం ఆగలేదు. "కుండలో జబ్బు యాడన్నా పోతాదా అక్కా? జొరమొచ్చిన మనిషిని కుట్టిన దోమ ఇంకొకర్ని కుట్టాల. తడలో దొరికినదానికీ మనదానికీ రవ్వంత తేడా ఉండాది. మన రెండూళ్ళదీ మాత్రం అచ్చు ఒకటే."

"అంటే మనూర్నించే ఈడికొచ్చిందా?"

"రావచ్చు. ఈడ్నించే ఆడికి పోయిండొచ్చు. జిల్లాలకైతే దారి కనిపిస్తాది గానీ, ఇంటికీ ఇంటికీ మధ్య కనపడదు."

"కుండ మాత్రం కాదంటావు."

"కాదు."

అక్క తల దించుకుంది. ఊరంతా తిడుతున్నా కుండ మాటను తను ఎందుకు కాదనలేదో నాకు అప్పటికి గాని తట్టలేదు.

"కుండైతే ఊరోళ్ళ పాపం అనుకుంటి. జొరంతో బస్సు దిగింది నేనే గదా మే. ఆమె పక్కనే పండుకుంటి."

"నువ్వేనని తేల్లేదక్కా."

"కాదనీ తేల్లేదు గదా."

నిజమే, తేలలేదు. ఎన్ని జన్యువులు చదివినా తేలేది కాదు. నాకు ఏడుపు వచ్చింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఇంకా వాచే ఉన్నాయి.

"ఒక్కసారి ఆ కుండే అని చెప్పు మే," అంది.

"కుండే అక్కా," అన్నాను.