అలియాబాద్ సందుల్లో కిటికీలు కొలిచిన రోజు

నేను రాజమండ్రిలో న్యాయశాస్త్రం చెబుతాను. ఒకే చిక్కుకి వేర్వేరు దేశాల చట్టాలు ఏ జవాబు చెప్పాయి, ఆ జవాబులు కాలంతో పాటు ఎలా మారాయి అన్నది నా పాఠం. మొదటి రోజే పిల్లలు ఆవులించకూడదని ఏటా ఒక కిటికీతో మొదలుపెడతాను. పక్కింటి పెరడు కనిపించేలా మీ గోడకు కిటికీ పెట్టుకోవచ్చా? పదిహేను వందల ఏళ్ళ కిందట కాన్‌స్టాంటినోపుల్‌లో రోమన్ చక్రవర్తి, ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉంటే వెలుతురు కిటికీ లోపలి నేల నుంచి ఆరడుగుల పైన ఉండాలన్నాడు. ఫ్రాన్సు పౌరచట్టం, పక్కవాడి హద్దు మీదున్న గోడకైతే మేడ మీద ఆరడుగుల పైచిలుకు ఎత్తు అడుగుతుంది. తుర్కుల పాత చట్టం మనిషి ఎత్తు దాటిన కిటికీని మూయమని అడగడానికి వీల్లేదంది, నిచ్చెన వేసుకుని చూస్తాడేమో అన్న అనుమానం కూడా చెల్లదంది. ఇంగ్లండు మాత్రం వెలుతురును ఇరవై ఏళ్ళు అనుభవిస్తే హక్కుగా ఇచ్చింది కానీ, తొంగిచూపును చాలాకాలం తప్పుగా ఎంచలేదు. మన దేశానికి వచ్చిన ఇంగ్లీషు న్యాయమూర్తులు ఉత్తరాదిన, గుజరాత్‌లో ప్రజల ఆచారం చూసి మెత్తబడ్డారు. ఫలానా ఊళ్ళో అలాంటి ఆచారం ఉందని రుజువైతే కొత్త కిటికీని ఆపవచ్చన్నారు. ఇదంతా నేను కంఠతా చెప్పగలను. కానీ ఒక్క కిటికీని కూడా ఆ కళ్ళతో చూసినదాన్ని కాదు.

ఆ అవకాశం సుధ వల్ల వచ్చింది. సుధ నా పాత విద్యార్థిని, ఇప్పుడు హైదరాబాదులో వకీలు. పాతబస్తీలో అలియాబాద్ దగ్గర వాళ్ళ ఇల్లు. నాలుగు తరాలుగా ఆ సందులోని చిన్న గుడికి వాళ్ళే అర్చకులు. తన ఆఫీసు కోసం మేడ మీద ఒక గది కట్టించుకుంటూంటే పక్కింటి బేగం గారు కిటికీకి అడ్డం చెప్పారు, మాటలు ముదిరి ఆవిడ వకీలు నోటీసు పంపేదాకా వెళ్ళింది, ఆరు వారాలుగా పని ఆగిపోయింది. సుధ నాకు పంపిన సందేశంలో రెండే వాక్యాలు. ‘మేడం, మీ పాఠం మా ఇంటికే వచ్చింది. సోమవారం కేసు వేస్తున్నాను, ఒకసారి చూసి మీ అభిప్రాయం రాసిస్తారా?’ ఎలాగూ ఒక సదస్సుకు హైదరాబాదు వెళ్తున్నాను. శనివారం ఖాళీ. వస్తానన్నాను.

మా చెల్లెలి ఇల్లు కాచిగూడ స్టేషనుకు నడిచేంత దూరం. అక్కణ్ణించి ఫలక్‌నుమాకు లోకల్ రైలుంది. టికెట్ పది రూపాయల లోపే, ప్రయాణం అరగంట కూడా పట్టదు, కానీ రైళ్ళు తరచుగా ఉండవు కాబట్టి వేళలు ముందే చూసుకోవాలి. నేను ఎనిమిదిన్నర దాటాక ఎక్కితే తొమ్మిదికి దిగాను. మలక్‌పేట దాటాక పట్టాలకు రెండు పక్కలా ఇళ్ళు మరీ దగ్గరగా వస్తాయి, ఆరేసిన బట్టలు చేతికి అందేలా ఉంటాయి. స్టేషను బయట షేర్ ఆటోలో అలియాబాద్‌కు ఇరవై రూపాయలు తీసుకున్నారు. డ్రైవరు అద్దంలో నన్ను చూసి, అలియాబాద్‌లోనే దిగుతారా, చార్మినార్ దాకా రారా అని సందేహంగా అడిగాడు. కిటికీలు చూడడానికి వచ్చానని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“మా ఇంట్ల కిటికీలు మీదికే ఉంటయ్ మేడం,” అన్నాడు. “గాలి వస్తది, వెలుగు వస్తది. మంది కండ్లు రావు.”

ఆ మాట అప్పుడు నోట్‌బుక్‌లో రాసుకోలేదు. దిగాక సందు మొదట్లో ఇరానీ చాయ్ తాగుతూ రాసుకున్నాను.

సుధ నాన్నగారు రంగాచార్యులు గారు గుమ్మంలోనే ఎదురయ్యారు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా రిటైరై, ఇప్పుడు రెండు పూటలా గుడి చూసుకుంటున్నారు. మనిషి నలిగిపోయి ఉన్నారు. కూతురి గది కావాలి, నలభై ఏళ్ళ పొరుగూ కావాలి, రెండింటిలో ఏది వదులుకోవాలో తెలియడం లేదని లోపలికి తీసుకెళ్తూనే చెప్పుకున్నారు. మేడ మీద గదికి మూడు వైపులా పక్కిళ్ళ గోడలే. నాలుగో వైపు మాత్రం తెరిపి. ఆ గోడకు మూడడుగుల ఎత్తున పెద్ద కిటికీ చట్రం బిగించి ఉంది. వెళ్ళి నిలబడ్డాను. కింద బేగం గారి సెహన్, అంటే ఇంటి నడిమి ముంగిలి. కొళాయి, దాని పక్కన అంట్లు తోముకునే బండ, వేపచెట్టు కింద నులకమంచం, దాని మీద దిండు. ఎవరూ లేరు, అయినా నేను రెండడుగులు వెనక్కి వేశాను.

సుధ తన వాదన చక్కగా వినిపించింది. నగరపాలక సంస్థ అనుమతి ఉంది. నక్షా ప్రకారమే కిటికీ. ఇక మిగిలింది ఆచారం. “మేడం, మీరే చెప్పిండ్రు కదా, ఆచారం ఉన్నదన్నోళ్ళే దాన్ని రుజువు చెయ్యాలని. ఈ బస్తీల ఎవరు చేస్తరు? ఎవరి దగ్గర ఒక్క కాయితం లేదు.”

నిజమే, నేను నేర్పిన పాఠమే. నాకన్నా బాగా ఒప్పజెప్పింది.

ఆ గదిలో ఇంకొకరున్నారు. యాదగిరి మేస్త్రీ, అరవై దాటిన పొడుగాటి మనిషి, పని మళ్ళీ మొదలవుతుందేమో అడిగి పోదామని వచ్చి గోడకు చేరగిలబడి వింటున్నాడు. ఆ కిటికీని మొదట పైన పెట్టబోయింది తనేనని, సుధమ్మ ఇంజనీరు గీసిన కాయితం చూపించి కిందికి దింపించిందని మెల్లగా చెప్పాడు. పైన అంటే ఎంత పైన అని అడిగాను. అతను లేచి, గోడకు దగ్గరగా నిలబడి చెయ్యి పైకి చాచాడు.

“నిలబడి చెయ్యి ఎత్తితె ఏళ్ళు తగలాలె మేడం, చూపు తగలొద్దు. మా తాత గట్లనే పెట్టిండు, మా నాయిన గట్లనే పెట్టిండు.”

చెయ్యి దించి, కిటికీ అడుగు ఎక్కడ రావాలో చూపిస్తూ కళ్ళకు ఒక పిడికిలి పైన, తలకు సరిసమానంగా గోడ మీద గీత గీశాడు. బల్ల మీదున్న టేపు తీసుకుని ఆ ఎత్తు కొలిచాను. ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. బడికి వెళ్ళలేదని తనే చెప్పుకున్న మనిషి, చక్రవర్తి శాసనం నుంచి నేను ఏటా చదివి వినిపించే ఎత్తును గోడ మీద గీసి చూపించాడు.

ఈ పని చేసిన ఇళ్ళు చూపించగలవా అని అడిగితే, పదండి అన్నాడు. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా తిరిగాం. సందులు సన్నం, ఎదురుగా స్కూటరు వస్తే ఒకరు గడపెక్కాలి. యాదగిరి ప్రతి తలుపు దగ్గరా ఇంటివాళ్ళను వరస పెట్టి పిలిచి, రాజమండ్రి నుంచి మేడం వచ్చింది, కిటికీ కొలుస్తుందట అని చెప్పేవాడు. ఎవరూ వింతగా చూడలేదు. తొమ్మిది ఇళ్ళు కొలిచాం. వాటిలో అయిదు ముస్లింలవి, మూడు హిందువులవి, ఒకటి రైల్వేలో పనిచేసి రిటైరైన క్రైస్తవ కుటుంబానిది. వీధి వైపు కిటికీలు రకరకాలుగా ఉన్నాయి. పక్కింటి ముంగిలి మీదకు తెరిచినవి మాత్రం ఒక్కటీ అయిదడుగుల పది అంగుళాలకు కిందికి లేదు. రైల్వే ఆయన భార్య, కొత్తగా కట్టిన పై గది కిటికీ గురించి ఇంజనీరుతో పోట్లాడి ఎత్తు పెంచుకుందట. ఎందుకని అడిగితే, పక్కింట్లో బాలింత ఉండె కదా అంది. ఆవిడకు అదే చాలిన కారణం.

న్యాయశాస్త్రంలో ఒక పాత తగవుంది. చట్టాలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అంటుకట్టినట్టు వెళ్తాయా, లేక ఒకే అవసరం నుంచి ఎక్కడికక్కడ పుట్టుకొస్తాయా అని పండితులు తెగ వాదించుకుంటారు. ఎనిమిదో ఇంటి అరుగు మీద మంచినీళ్ళు తాగుతూ యాదగిరికి ఆ సంగతి విడమరిచి చెప్పాను. కాన్‌స్టాంటినోపుల్ గురించి, ఫ్రాన్సు గురించి, తుర్కుల గురించి. తాత ఈ కొలత ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలుసా అని అడిగాను.

“తాతకు ఎవరు చెప్పిండ్రో నాకు ఎర్కలేదు. గని మేడం, ఏ దేశంల ఐనా మనిషి ఎత్తు గంతే కదా.”

నేను రాసుకోవడం ఆపేశాను. కాసేపు ఆ సందునే చూస్తూ కూర్చున్నాను. పైన ఇరుకుగా ఆకాశం, రెండు వైపులా సున్నం పెచ్చులూడిన గోడలు, వాటిలో ఎత్తున చిన్నచిన్న కిటికీలు. ఏ శాసనసభా చర్చించలేదు, ఏ కోర్టూ తీర్పివ్వలేదు. అయినా ఒక చట్టం ఇక్కడ చెయ్యి నుంచి చెయ్యికి నడిచి వచ్చింది. గుడిలో నిలబడినప్పుడు కలిగే భయభక్తుల లాంటిదేదో కలిగింది నాకు.

తిరిగి వెళ్తూంటే ఆ ఆనందం మీద బరువు పడింది. సుధ ఎవరూ రుజువు చేయలేరన్న ఆచారం ఇప్పుడు నా నోట్‌బుక్‌లో తొమ్మిది కొలతలుగా ఉంది. నన్ను పిలిచింది సుధ. నా దగ్గరున్నది అవతలివాళ్ళకు పనికొచ్చే సాక్ష్యం. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు కూడా. ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసింది.

వకుళమ్మ గారు, సుధ వాళ్ళ అమ్మ, దద్దోజనం వడ్డించారు. తినడం అయ్యాక నోట్‌బుక్ సుధ ముందు పెట్టాను. అభిప్రాయం రాసిస్తాను, కానీ ఇవన్నీ అందులో ఉంటాయని చెప్పాను. సుధ తొమ్మిది అంకెలూ చదివింది. ముఖం ఎర్రబడింది. గదంతా ఇప్పుడే చీకటి, కిటికీ పైకి పోతే గుహలో కూర్చున్నట్టు ఉంటుందని, క్లయింట్లు వస్తే పగలే లైటు వేయాలని అంది. ఆమె బాధ అబద్ధం కాదు. కాసేపటికి సుధే లేచి, బేగం గారింటికి వెళ్దాం రమ్మంది. ఆరు వారాల్లో ఆ గడప తొక్కడం అదే మొదలట.

ఖైరున్నిసా బేగం గారికి డెబ్బై దగ్గర ఉంటాయి. బడిలో ఉర్దూ చెప్పి రిటైరయ్యారు. పొద్దున నేను పైనుంచి చూసిన నులకమంచం మీదే మమ్మల్ని కూర్చోబెట్టారు. సుధ మొదట తనకు వచ్చిన నోటీసు గురించి ఎత్తబోయి ఆగిపోయింది. ఆవిడే మాట్లాడారు, ఉర్దూ కలిసిన తెలుగులో.

“నీ మీద నాకు గుస్సా లేదు బేటీ. నలభై ఏండ్లు ఈ సెహన్‌ల తల మీద కొంగు లేకుంట తిరిగిన. నువ్వు కిటికీ పెట్టినంక పైకి చూసుకుంట తిరుగుతున్న. నా ఇల్లు నాకు బజార్ లెక్క ఐపోయింది.”

సుధ పైకి, తన కిటికీ వైపు చూసింది. కింద నుంచి ఆమె దాన్ని చూడడం అదే మొదలనుకుంటాను. తర్వాత తలదించుకుని, ఆవిణ్ణి ఉర్దూలో పిన్నీ అని పిలుస్తూ, “గలతీ నాదే ఖాలా, ఎత్తు పెట్టిస్త” అంది.

మరి నీ గదికి వెలుగో అని అడిగింది ఆవిడే. దాని మీద గంటసేపు మాటలు నడిచాయి. యాదగిరిని కేకేసి పిలిపించారు. కిటికీ ఎత్తు పెంచితే వెడల్పు ఎంతైనా పెంచుకోవచ్చని, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా తెరవవచ్చని అతనన్నాడు. బేగం గారు తన వైపు ఎదురుగోడ చూపించారు. పూత లేని నల్లటి రాతిగోడ. దానికి తెల్లసున్నం వేయిస్తే ఎండ ఆ గదిలోకే కొడుతుంది కదా అని అడిగారు. యాదగిరి తల పంకించాడు. వేయిస్తానన్నారు. అలా వేయించమని ఏ దేశపు చట్టమూ ఆవిణ్ణి అడగదు. నాకు తెలిసినంతలో ఎక్కడా లేదు.

నాలుగున్నరకు బయల్దేరాను. షాలిబండ దాకా నడిచి, అక్కణ్ణించి సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్, ఆటోలో కాచిగూడ. సోమవారం కేసు వేయలేదు. మూడు వారాల తర్వాత సుధ ఫోన్ చేసి, మొత్తానికి గది బాగానే ఉందని, మధ్యాహ్నం మూడున్నర దాకా లైటు అక్కర్లేదని, కూర్చుంటే ఆకాశమూ వేపకొమ్మా మాత్రం కనిపిస్తాయని చెప్పింది. మూడున్నర తర్వాత మాత్రం చీకటేనని కూడా చెప్పింది. మెచ్చుకోలో ఫిర్యాదో నాకు తెలియలేదు.

ఇన్నేళ్ళూ చట్టాలు పుస్తకాల్లో పుట్టి వీధుల్లోకి దిగుతాయని, రాజు మారితే మారతాయని చెబుతూ వచ్చాను. అది సగమే అని ఇప్పుడు తెలిసింది. మిగతా సగం ఒక మేస్త్రీ చేతిలో ఉంటుంది, పక్కింటి బాలింతను తలుచుకునే ఒకావిడలో ఉంటుంది, కిందికి వచ్చి తన కిటికీని తానే చూసుకున్న ఒక అమ్మాయిలో ఉంటుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ శాసనం రాసినవాడు కూడా ముందు ఎవరో మేస్త్రీని అడిగే ఉంటాడని ఇప్పుడు నా నమ్మకం. రుజువు లేదు. అయినా వచ్చే ఏడు పాఠం అక్కణ్ణించే మొదలుపెడతాను.

మీరూ ఈ సందులు చూడాలనుకుంటే శుక్రవారం కాకుండా మరో రోజు పొద్దున వెళ్ళండి, ఇళ్ళవాళ్ళకు తీరిక ఉంటుంది. ఎవరైనా ఆదరంగా మేడ ఎక్కిస్తే ఫోను మాత్రం సంచిలోనే ఉంచండి. అక్కణ్ణించి కనిపించే ప్రతి జాగా ఎవరో ఒకరి ఇల్లే.