ఎర్ర వేలిముద్రలు

ఇనుప గనుల ఊరు కిరందుల్ టౌన్‌షిప్ లైబ్రరీలో లైబ్రేరియన్ పుస్తకం ఇచ్చేముందు అట్ట మీద బొటనవేలు ఒకసారి గట్టిగా నొక్కేవాడు. ఆ వేలికి అడ్డంగా పాత కోత మచ్చ ఉండేది.

ఎవరూ చదవని పుస్తకాలు తీసేయడానికి గని కంపెనీ పెద్దసారు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. సాంకేతికత, దేశబలం గురించిన లావు పుస్తకాన్ని ఉంచమన్నాడు. ప్రాచీన నాటకాల మీది పరిశోధన గ్రంథాన్ని మాత్రం పక్కన పడేశాడు.

"ఏంది సాబ్ అట్లంటరు? గని డ్యూటీ దిగినోళ్లు చదువుతనే ఉన్నరు, చూడండి," అంటూ లైబ్రేరియన్ ఆ గ్రంథం పేజీలు తిప్పాడు. పేజీపేజీకీ ఇనుప ఖనిజం ధూళి అంటిన ఎర్ర వేలిముద్రలే. పుస్తకం బీరువాలోకి తిరిగి వెళ్లింది.

ఆయన రిటైరయ్యాక ఆ నాటకాల పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ముద్రలన్నీ ఒకే బొటనవేలివి. అన్నింటికీ అడ్డంగా అదే కోత.

ఆయన మాట అబద్ధం కాకూడదని, ఇప్పుడు నేను గని డ్యూటీ దిగి చేతులు కడుక్కోకుండానే ఆ పుస్తకం తెరుస్తున్నాను.