కాకికాలు సూపించిన గోడ

మొన్న ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి మొదట్లో నూలు కంపెనీ వాళ్ళు అద్దాల బోర్డొకటి నిలబెట్టినారు. దానికి తాళం కూడా ఉంది. ఇంగ నూలు ఎప్పుడొస్తాది, పని యాడుంది, అన్నీ దాంట్లోనే ఏస్తారంట. మనం ఎవరికేం సెప్పాలన్నా వాళ్ళకిస్తే, సూసి వాళ్ళే పెడతారంట. పైన నీడకు రేకులు, పక్కన తాగేనీళ్ళ కొళాయి. మా అత్త సంబరం సూడాల! నేను మాత్రం నాలుగడుగులు ఎనక్కి ఏసినా. "పామును సూసి బెదిరేవాళ్ళు ఉంటారు గానీ, బోర్డును సూసి బెదిరేదాన్ని నిన్నే సూస్తాండా" అని మా ఆయన ఒకటే నవ్వు. నవ్వనీలే. ఆయన ఆదోనిలో పెరగల్యా.

నేను పెరిగింది ఆడనే. పెద్దకడుబూరు తట్టు నుంచి పొద్దన్నే బస్సుల్లో ఆడోళ్ళు దూది మిల్లుల పనికి వస్తాండ్రి. ఏ మిల్లులో మనుషులు కావాల, యాడ మేస్త్రి నోరు మంచిది గాదు, ఉరుకుంద తిరునాళ్ళ బస్సు యాడ నిలబడతాది, అన్నీ బొగ్గుతో గోడలమీద రాసేది. రాయడం రానోళ్ళు బొమ్మ గీసేది. ఒకామె "నా ఎర్రకోడి తప్పిపోయింది" అని రాస్తే, కింద ఇంకెవరో "కూర శానా బాగుండె" అని రాసినారు. ఆ ఇద్దరి తిట్లు సదవడానికే మేం బడికి సుట్టుదోవలో పోయేది! గోడ సాలకపోతే కింద కాకికాలు గీసేది. దాని నడిమి వేలు ఎటుంటే అటు పో, ఆడ గోడమీద మిగిలింది ఉంటాది. ఆన్నించి ఇంకో కాకికాలు, ఇంకో గోడ. ఎవరికి తెలిసింది వాళ్ళు కలిపేది, ఎవర్నీ అడిగే పనిల్యా. ఒకటే కట్టుబాటు, కష్టం తీరినాక రాసినోళ్ళే వచ్చి తుడిపెయ్యాల. కాకికాలు సూపించిన గోడ ఖాళీగా ఉంటే, ఆ సంగతి బాగైపోయిందని మాకు అర్థం.

అట్లాంటి ఊర్లో అన్నింటికంటే పెద్ద మిల్లు వాళ్ళు గేటుముందర ఇట్లాంటి బోర్డే పెట్టినారు. దానికీ నీడ, దానికీ నీళ్ళు. మంచిదే అనుకున్యారు అందరూ. కొన్నాళ్ళకు, గోడలు అసయ్యంగా ఉండాయని, పైసా తీసుకోకుండా సున్నం కొట్టిస్తామని బయలుదేరినారు.

ఆ పొద్దు నేను పెద్దమిల్లులో పనిజేసే మా చిన్నమ్మకు సద్ది తీసకపోతాండా. ఆమెకు అచ్చరం రాదు, బొమ్మలు సూసుకోని పనికిపోయేది. పిండిమిల్లు గోడమీద పెద్దమిల్లు చక్రం బొమ్మ, కింద కాకికాలు, బస్టాండు తట్టు. ఆడికి పోతే గోడ తెల్లగా మెరస్తాంది, పచ్చి సున్నం వాసన. పక్కగోడకు సున్నం కొడతాండే ఆయన్ని అడిగినా.

"అన్నా, ఈడ ఏముండె?"

"ఏందో, చక్రం బెల్టుకు అడ్డముండే జాలీ ఊడిపోయింది, ఆ పక్కకు పోవద్దండి అని రాసి, బొమ్మ కూడా గీసుండె పాపా. మాకెందుకు? కంపెనీ సున్నం, కంపెనీ కూలి."

 చిన్నమ్మ ఈ దోవనే పోయుంటాది. చక్రం బొమ్మ సూసుంటాది, ఈ తెల్లగోడనూ సూసుంటాది. సద్దిగిన్నె ఆడనే పెట్టి పరిగెత్తినా.

గేటుకాడ వాచ్‌మెను లోపలికి పోనియ్యల్యా.

"తాతా, నీ కాళ్ళు మొక్కుతా, మా చిన్నమ్మను పిలువు! బెల్టుకాడ జాలీ ల్యాదంట!"

"ఏమన్నా ఉంటే రాసియ్యి పాపా. సారు సూసినాక బోర్డులో పెడతాడు."

"సారు యాడ?"

"సారు సాయంత్రం వస్తాడు."

గేటు ఊసలు పట్టుకోని అరిసినా. లోపల మిషన్ల మోతకు నా గొంతు నాకే ఇనపడల్యా. ఇంతలో మోత ఆగిపోయింది. పట్టపగలు మిల్లు మోత ఆగడం నేనెప్పుడూ ఇనల్యా. తాత మొగం సూసినా. ఆయన నాకల్ల సూడకుండా గేటు తీసినాడు.

చిన్నమ్మను ఇద్దరాడోళ్ళు పట్టుకోని తీసకొచ్చినారు, ఒంటిమీద గోనెపట్ట కప్పి. మెడసుట్టూ తాడుతో కోసినట్ల ఎర్రగీత. బెల్టు కొంగును లాక్కునిందంట. పాతచీర, సగానికి సినిగింది కాబట్టి మనిషి మిగిలింది. నన్ను సూసి, పోయిన గొంతుతో మెల్లగ అనింది, "గోడమీద ఏమీ ల్యాకపాయ గదమ్మే. బాగజేసినారనుకున్యా."

మర్సటిరోజు ఆ బోర్డులో ఏసినారు, తాగేనీళ్ళకు కొత్త టాంకీ పెడతాండామని. ఇంగేమీ ల్యా. ఎవరన్నా బొగ్గు పట్టుకుంటే పనికి రావద్దంటారని భయపడి ఆడోళ్ళంతా ఆ బోర్డుముందరే నిలబడడం నేర్సుకున్యారు. చిన్నమ్మ గొంతు మళ్ళా రాల్యా.

ఏండ్లు కూడా సున్నం కొట్టినట్ల ఒకదానిమీద ఒకటి పడతాండాయి. అడుగున ఏం రాసిండ్రో తెలిసినోళ్ళం తక్కువైపోతాండాం, గోడ మాత్రం ఏటికేడు తెల్లబడతాంది.