షావుకారు మిషన్ వదిలేశాను

ఎనభైల మొదట్లో జహీరాబాద్ తాలూకా ఆఫీసు గోడ పక్కన మేం ఐదుగురం టైపు మిషన్లు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఐదుగురిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందరి ముందూ ఒకే కంపెనీ తెలుగు మిషన్. వాటన్నిటినీ బజారులోని ఒకే షావుకారు అద్దెకిచ్చేవాడు. రిబ్బన్ ఆయన దగ్గరే, రిపేరూ ఆయన దగ్గరే. ఆఫీసు ఫారాల మీది చుక్కల గీతలు కూడా ఆ మిషన్ వరసలకు సరిపోయేలా అచ్చయ్యేవి. ఇంకో మిషన్ కొనాలన్న ఊహే మాకెవరికీ వచ్చేది కాదు.

షావుకారు పద్ధతి ఒకటుంది. వాడిన కార్బన్ కాగితం తిరిగిస్తేనే కొత్తది ఇస్తాడు, లేదంటే మిషన్ వెనక్కి తీసుకుంటాడు. నేను రోజూ సాయంత్రం పాత కార్బన్లు మడత పడకుండా పేర్చి, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. నా అంత శుభ్రంగా ఎవరూ ఇవ్వరని మెచ్చుకునేవాడు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఒకరోజు మొగుడంపల్లి నుంచి ఒకామె వచ్చింది. భర్త పోయి ఏడాదైంది. ఆయన వాటా రెండెకరాలు తన పేరున రాయమని దరఖాస్తు టైపు చేయించుకుంది. మరిదికి తెలియకూడదని నాకు నాలుగుసార్లు చెప్పింది. మంచిరోజు చూసి ఇద్దామని, ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచింది. మూడోనాడు అందులోని మాటలు మరిది ఆమె ముఖం మీదే అప్పజెప్పాడట. ఆమె తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"నువ్వే చెప్పినవ్. నీకు తప్ప ఇంకెవ్వలకు ఎర్క?"

కాదని ఒట్టేశాను, నమ్మలేదు. ఆమె పోయాక మిషన్లోంచి కార్బన్ లాగి ఎండకు ఎత్తి పట్టాను. ఆ పొద్దున నేను కొట్టినదంతా అక్షరం పొల్లుపోకుండా కనబడింది. ఊరి గుట్టంతా నా చేతులతోనే షావుకారుకు అందిస్తున్నానని, మరిదికి మాట చేరింది అక్కణ్నుంచేనని అప్పుడు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. మిషన్ ఎత్తుకుపోయి షావుకారు గల్లా బల్ల మీద పెట్టాను.

"నీ మిషన్ నువ్వే ఉంచుకో. ఇగ కార్బన్ ఇయ్య."

ఆయన నవ్వాడు. "వేరే మిషన్ మీద కొడితే గా ఆఫీసుల ఎవ్వడు తీస్కుంటడు బిడ్డా? జర సోంచాయించు."

"తీస్కుంటరో లేదో నేను చూస్కుంట. నీకెందుకు ఫికర్?"

హైదరాబాద్‌లో పాత సామాన్ల కొట్లో, ఎవరూ కొనని కంపెనీ తెలుగు మిషన్ ఒకటి దొరికింది. ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాను. అక్షరాలన్నీ తారుమారు. 'క' ఉండాల్సిన చోట వేలు పెడితే 'ర' పడేది. నా మిషన్ని ముట్టనని రిపేరు మనిషి తేల్చి చెప్పాడు. పక్క బల్లలవాళ్లు ముసిముసిగా నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను.

ఈలోపు మొగుడంపల్లి ఆమె దరఖాస్తు ఇచ్చింది, మరిది అడ్డం చెప్పాడు. శుక్రవారం విచారణ. గురువారం సాయంత్రం లోపు సాక్షి పేరుతో జవాబు ఫారం టైపు చేసి ఇవ్వాలి. సాక్షి న్యాల్‌కల్ దగ్గరి ముసలాయన, అన్నదమ్ములు పంచుకున్ననాడు హద్దురాళ్లు పాతిన మనిషి. ఆయన పేరు ముందే తెలిస్తే మరిది ఆయన్ని బెదిరించైనా ఆపేస్తాడు. అప్పుడు ఆమె రెండెకరాలూ పోయినట్టే. ఆమెకు కార్బన్ సంగతి చెప్పి, చూపించి, ఆ ఫారం నేనే కొడతానన్నాను.

గురువారం పొద్దున కొట్టి ఇచ్చాను, ఆమె లోపలికి తీసుకెళ్లింది. ఆఫీసు గుమాస్తా నిక్కచ్చి మనిషి. లంచం ముట్టడు, గుట్టు బయటపెట్టడు, కానీ కాగితం వంకరగా ఉంటే తీసుకోడు. నా మిషన్ వరసల దూరం వేరు. నాలుగో వరసకు వచ్చేసరికి సాక్షి పేరు చుక్కల మీద పడి నల్లగా అలుక్కుపోయింది.

"గిదేందమ్మా, పేరు చదువొస్తలే. షావుకారు మిషన్ మీద కొట్టుకొని రా, పది నిమిషాల పని."

ఆమె బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పోనీ చెల్లె, ఆయన మిషన్ మీదనే కొట్టు. నా భూమి పోతది."

"ఆయన మిషన్ మీద కొడితెనే పోతది అక్కా. జర ఓపిక పట్టు."

మీట ఎత్తి రోలర్‌ను వదులు చేశాను. ఒక్కో వరసకూ రోలర్‌ను చేత్తో, వెంట్రుకవాసి చొప్పున తిప్పి, అక్షరాల కింద గీత వచ్చిందో లేదో వంగి చూసుకుంటూ కొట్టాను. రెండు ఫారాలు పాడయ్యాయి. భయమేసింది, అబద్ధమెందుకు. పట్టుదల మాత్రం భయం కన్నా ఎక్కువే ఉంది. మూడో ఫారంలో ముసలాయన పేరు గీత మీద బుద్ధిగా కూర్చుంది. గుమాస్తా కళ్లజోడు పైకెత్తి చూసి, ముద్ర గుద్దాడు.

శుక్రవారం ముసలాయన ఆమెతోపాటే బస్సు దిగాడు. ఎవరూ అడ్డు రాలేదు. హద్దురాళ్లు ఎక్కడెక్కడ పాతాడో అధికారికి ఒక్కొక్కటీ చెప్పాడు. విచారణ అయ్యాక మరిది చరచరా నా బల్ల దగ్గరికి వచ్చాడు. కోపంలో ఏమంటున్నాడో చూసుకోలేదు.

"గీ ముసలోని పేరు ఎప్పుడు కొట్టినవ్? షావుకారుకు ఎందుకు తెల్వలే?"

నాలుగు బల్లల మీద టకటకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. నలుగురూ తలలెత్తి అతని వంక చూశారు.

"ఇగ తెల్వది," అన్నాను. ఇంకో ఫారం ఎక్కించి, చేత్తో రోలర్ తిప్పుకున్నాను.