పన్నెండు మందికి కలిపిన పిండి

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో ఫోన్ మోగింది. చేసింది ఒకప్పటి మా బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్. ఒకప్పటి నా ప్రాణస్నేహితురాలు కూడా. ఇప్పుడు అదే క్లబ్బులో కోచ్‌గా ఉంది. రాజమండ్రిలో వాళ్ళింటికీ మా ఇంటికీ ఆటోలో పది నిమిషాల దూరం కూడా ఉండదు. అయినా మూడేళ్ళుగా పండక్కి ఒక మెసేజ్ పెట్టుకోవడం తప్ప మా మధ్య మాటల్లేవు. కాబట్టి పనిపడి చేసిందని తెలుస్తూనే ఉంది.

"ఒక సలహా కావాలే," అంది. "మా జట్టులో ఒకమ్మాయుంది. సగం పాయింట్లు దానివే. నెల్రోజుల్నించీ మొహం ముడుచుకుని తిరుగుతోంది. నిన్న ఎన్ఓసీ కావాలని రాసిచ్చింది. దాన్నిస్తే ఏటవతలి క్లబ్బువాళ్ళు ఇద్దర్నిస్తామంటున్నారు. ఇచ్చేసి ఆ ఇద్దర్నీ తెచ్చుకోమంటావా? లేదంటే ఎవరూ వద్దనుకుని, చిన్నపిల్లల్ని పెట్టుకుని మొదట్నించీ జట్టు కట్టుకోమంటావా?"

ఊళ్ళో ఇంతమంది ఉండగా ఈ మాట అడగడానికి దానికి నేనే దొరికాను. నోటిదాకా వచ్చింది మింగేసి, సాయంత్రం నేనే చేస్తానని పెట్టేశాను. ఇక నిద్రెక్కడ పడుతుంది.

ఎన్ఓసీ అంటే పెద్ద విషయమేం కాదు. ఒక జిల్లాలో పేరు నమోదైనవాళ్ళు ఇంకో జిల్లా తరఫున ఆడాలంటే, మాకేం అభ్యంతరం లేదని పాత క్లబ్బువాళ్ళు రాసిచ్చే కాగితం. గోదావరికి ఇవతల మా జిల్లా, అవతల వాళ్ళ జిల్లా. బ్రిడ్జి దాటడానికి బస్సు టిక్కెట్టు చాలు కానీ, అటువెళ్ళి ఆడాలంటే మాత్రం ఆ కాగితం ఉండాల్సిందే.

మా జట్టులో మాత్రం దాన్ని వెళ్ళిపోవడానికి ఎవరూ అడిగేవారు కాదు. అలగడానికి అడిగేవారు. కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కి కూర్చుంటే, నీకు కోపమొచ్చింది కాబట్టి వెళ్ళిరా బాబూ అని ఏ మామగారైనా అంటాడా? మాదీ అదే పద్ధతి. ఐదుగురిలో చోటు దక్కలేదనో, కోచింగ్ ఇచ్చే మాస్టారు అందరిముందూ కసిరారనో ఒకత్తికి కోపమొచ్చేది. ఎన్ఓసీ కావాలని తెల్లకాగితం మీద రాసి క్లబ్బు సెక్రటరీ గారి బల్ల మీద పెట్టేది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "చూద్దాంలేమ్మా," అని సొరుగులో పడేసేవారు. మర్నాడు ప్రాక్టీసు మానేసి, రోజ్‌మిల్క్ సీసాలు పట్టుకుని, మాస్టారితో సహా జట్టంతా ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళేవాళ్ళం. అది గదిలోంచి రాదు. మేం తలుపు దగ్గర కూర్చుని బతిమాలతాం. కాసేపటికి వస్తుంది, ఏడుస్తుంది, నవ్వుతుంది. ఈలోగా వాళ్ళమ్మ వేడివేడిగా ఏదో ఒకటి వేయించి పెడుతుంది. సొరుగులో కాగితం తర్వాత స్కోరు రాసుకోవడానికి పనికొచ్చేది. అలా నేను ఆరేడిళ్ళకు వెళ్ళాను. ఒకత్తి ఇంటికైతే రెండుసార్లు.

నా వంతు వచ్చేసరికి నాకు పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం. మెయిన్ రోడ్డు వెనక సందులో మా నాన్నకు బట్టలకొట్టుండేది. జట్టులో అందరికంటే ఎక్కువ బాస్కెట్లు నేనే వేసేదాన్ని. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా చూసుకునేదాన్ని కూడా. పాస్ సరిగా ఇవ్వకపోతే చిన్నపిల్లల్ని చెడామడా తిట్టేదాన్ని. నాకు నోటిదురుసు ఎక్కువ, ఇప్పటికీ తగ్గలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పేది నమ్మబుద్ధవుతుందని చెబుతున్నాను.

ఒక ఆదివారం టోర్నమెంటులో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. ఇంకో నాలుగు నిమిషాలే ఉంది. మాస్టారు నన్ను పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎందుకో చెప్పలేదు. ఓడిపోయాం. తిరిగి వస్తుంటే ఆయన బస్సులో ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మంగళవారం ప్రాక్టీసయ్యాక మెట్ల మీద కూర్చుని నేను ఉడికిపోతుంటే నా స్నేహితురాలే పక్కన చేరింది.

"నువ్వోసారి ఎన్ఓసీ అడగవే. అప్పుడు దిగొస్తారు," అంది. కాగితం కూడా తన నోట్సులోంచే చింపిచ్చింది. దాన్ని పుస్తకంలో పెట్టుకుని రెండ్రోజులు తిరిగాను. గురువారం రాసి సెక్రటరీ గారి బల్ల మీద పెట్టాను.

శుక్రవారం అమ్మ అడిగింది, "ఎంతమందొస్తారే?" అని. నేను పోగా పదకొండుమంది, మాస్టారితో పన్నెండు అన్నాను. అమ్మ మిరపకాయలు చీరి, చింతపండూ వామూ కూరి, పెద్ద గిన్నెలో శనగపిండి కలిపింది. కొట్లోంచి కుర్చీలు తెప్పించింది. నేను కొత్త చుడీదార్ వేసుకున్నాను. వాళ్ళొచ్చాక గది తలుపు ఎంతసేపటికి తీయాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. మరీ తొందరగా తీస్తే చులకనవుతాను, మరీ ఆలస్యం చేస్తే బజ్జీలు చల్లారిపోతాయి.

ఐదయింది. ఐదున్నరయింది. ఇక సందు తిరుగుతూ ఉంటారని అమ్మ మొదటి వాయి నూనెలో వేసింది. ఆరు కావస్తుండగా గేటు చప్పుడైంది. నేను గదిలోకి పరిగెత్తి తలుపేసుకున్నాను. ఒక్క గొంతే వినిపించింది. "సెక్రటరీ గారు ఇమ్మన్నారండీ," అని క్లబ్బు అటెండరు అమ్మ చేతికి కవరిచ్చి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

కవరులో నేను రాసిన కాగితం నకలూ, దానికి పిన్ను గుచ్చి ఎన్ఓసీ ఉన్నాయి. కింద సంతకం, గుండ్రటి ముద్ర. మా క్లబ్బుకు ఎటువంటి అభ్యంతరమూ లేదు, క్రీడాకారిణికి ఉజ్వల భవిష్యత్తు కోరుకుంటున్నాము అని రాసుంది. చేతిరాత నా స్నేహితురాలిది. మా క్లబ్బు ఉత్తరాలన్నీ అదే రాసేది, రాత ముత్యాల్లా ఉంటుందని. ఆ ముత్యాల్లాంటి రాతలో నా పేరు రెండుసార్లు చదువుకుని, మడిచి కవరులో పెట్టేశాను. అమ్మ మిగిలిన పిండి కూడా వేయించేసి, పళ్ళేల్లో సర్ది, చుట్టుపక్కల నాలుగిళ్ళకూ పంపింది. విశేషమేంటండీ అని పక్కింటావిడ అడిగితే, "ఏం లేదండీ, ఊరికే," అంది.

నిజంగా వెళ్ళాలని అడగలేదండీ అని క్లబ్బుకు వెళ్ళి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. మాస్టారి ఇంటివైపు రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చేశాను. మూడోనాడు అవతలి క్లబ్బు సెక్రటరీ గారు వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చారు. ఆయనకు అంత తొందరగా ఎవరు చెప్పారని కూడా నాకు తట్టలేదు. వారం తిరక్కుండా వాళ్ళ జట్టులోంచి ఇద్దరమ్మాయిలు మా క్లబ్బుకొచ్చారు. ఒక్కదానికి ఇద్దర్నిచ్చారంటే నీ విలువ చూసుకో అని జనం నన్నే అభినందించారు. నా స్నేహితురాలు మాత్రం, "రాయమన్నారు, రాశానే. మాస్టారు ముందే నిర్ణయించేసుకున్నారు, నేనేం చెయ్యగలను," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నమ్మాను. దాన్ని నేనే ఊరుకోబెట్టాను.

అవతలి క్లబ్బుకు నాలుగేళ్ళాడాను. రోజూ కాలేజీ అవగానే బస్సెక్కి బ్రిడ్జి దాటేదాన్ని. వాళ్ళు నన్ను బాగా చూసుకున్నారు, అబద్ధమాడను. స్పోర్ట్స్ కోటాలో ఈ గుమాస్తా ఉద్యోగం కూడా ఆ ఆట వల్లే వచ్చింది. ఒకసారి మా పాత కోర్టులోనే మా పాత జట్టుతో ఆడాల్సి వచ్చింది. అక్కా అక్కా అని నా వెనక తిరిగిన పిల్లలు, "బాగున్నారా అండీ," అని పలకరించారు. ఆ రోజు మేమే గెలిచాం. బస్సెక్కి బ్రిడ్జి దాటేదాకా ఏడ్చాను.

మూడేళ్ళ కిందట ఆఫీసులో పాత సర్టిఫికెట్లన్నీ మళ్ళీ సరిచూస్తామన్నారు. ట్రంకు పెట్టెలోంచి ఆ కవరు తీసి ఇచ్చాను. మా సెక్షన్‌లో ఒకాయన ప్రతి కాగితం మీదా వేలు పెట్టి చదివే మనిషి. "ఏంటండీ ఇది, మీరడిగింది పదిహేనో తారీఖు, వాళ్ళిచ్చింది పన్నెండో తారీఖు. అడక్కముందే ఇచ్చేశారేంటండీ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. సీట్లోకి వచ్చి వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. పదిహేను గురువారం. అంటే పన్నెండు సోమవారం. మంగళవారం మెట్ల మీద నా పక్కన కూర్చుని నోట్సులోంచి కాగితం చింపేసరికే, అది నా ఎన్ఓసీ రాసేసింది. పొమ్మనలేక పొగబెట్టడమంటే విన్నాను. ఆ పొగను నా చేతే పెట్టించడం మాత్రం దానికే చెల్లింది. అది తెలిసేదాకా గడిచిన పదకొండేళ్ళూ నేను దాని పెళ్ళికి వెళ్ళాను, పురుటికి వెళ్ళాను, దాని కూతురికి గౌనులు కొన్నాను. ఆ రోజు నుంచీ మాటలు తగ్గించేశాను. ఎందుకని అదీ అడగలేదు.

ఆదివారం సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"ఆ అమ్మాయికి ఎన్ఓసీ అడగమని చెప్పిందెవరు?" అన్నాను.

"మా కెప్టెన్," అంది.

"కెప్టెన్‌కు చెప్పింది నువ్వేనా?"

దాని జవాబు కోసం ఆగలేదు.

"కాగితం ముందే రాసేశావా? తేదీ అయినా సరిగ్గా వేశావా ఈసారి?"

అప్పుడు దానికి అర్థమైంది. "ఎప్పుడు చూశావే?" అని చాలా చిన్న గొంతుతో అడిగింది. మూడేళ్ళయిందన్నాను.

"నువ్వుంటే గెలిచేవాళ్ళమే," అంది. "కానీ నువ్వాడుతుంటే మేం చూసేవాళ్ళం. పిల్లలు నీకు భయపడి బంతి ముట్టుకునేవారు కాదు. మాస్టారు అడిగితే నేనే సరేనన్నాను. నీ మొహమ్మీద చెప్పే ధైర్యం లేక అలా చేశాను."

అందులో నిజం లేదనను. మొహమ్మీద చెప్పుంటే నేను పెద్ద గొడవే చేసేదాన్ని. పదిరోజులు మాట్లాడ్డం మానేసేదాన్ని. పదకొండోరోజు వచ్చి పిల్లలకు బంతి ఇచ్చేదాన్ని. ఆ జట్టు తప్ప నాకప్పుడు వేరే లోకం లేదు. ఆ సంగతి దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"ఆ శుక్రవారం మా అమ్మ పన్నెండుమందికి పిండి కలిపింది. తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసు," అంది. "మీ సందు మొదట్లోకి వచ్చాను. చేతిలో రెండు సీసాలున్నాయి. మీ వంటింట్లోంచి వాసనొస్తోంది. నీ మొహం చూడలేక వెళ్ళిపోయాను."

పద్నాలుగేళ్ళూ ఎవరూ రాలేదనే అనుకున్నాను. రాలేదంటే ఏదోలా సర్దుకున్నాను. వచ్చి, వాసన చూసి, మా గుమ్మానికి నాలుగడుగుల దూరంలోంచి వెనక్కి పోయిందని విన్నాక సర్దుకోవడం నా వల్ల కాలేదు. తర్వాత ఆ అమ్మాయి ఇల్లెక్కడని అడిగాను. చెప్పింది.

"అలిగినవాళ్ళింటికి వెళ్ళే అలవాటు మీ క్లబ్బులో ఇంకా ఉందా?"

"ఉందే. ఇవాళ ఆదివారం ప్రాక్టీసు లేదుగా, రేపు సాయంత్రం మేమొస్తామనే అనుకుంటూ ఉంటుంది," అంది. "వెళ్ళాలంటావా? నువ్వెళ్తానంటే నేనూ వస్తాను."

దాన్ని ఇచ్చుకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం, కానీ ఎందుకో దానికి చెప్పి ఇవ్వు అన్నాను. నాతో మాత్రం రావద్దన్నాను.

సోమవారం ఆఫీసు అవగానే రెండు రోజ్‌మిల్క్ సీసాలు కొనుక్కుని వెళ్ళాను. సందులోకి తిరిగేసరికే నూనె కాగుతున్న వాసన వచ్చింది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసున్నాయి. లోపల ఒక గది తలుపు గభాలున వేసుకున్న చప్పుడైంది. వాళ్ళమ్మగారు చేతులకు శనగపిండితోనే బయటికొచ్చి, నన్ను చూసి, నా భుజం మీంచి సందు మొదలుదాకా చూశారు.

"మీరొక్కరేనాండీ?" అన్నారు. "మిగతావాళ్ళు వెనకాల వస్తున్నారా?"