డిగ్రీ కాలేజీ అని రాసింది నేనే

మొన్న మా ఆడపడుచు మనవడు, కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డ వేళ చూసుకుని మా బట్టల కొట్టుకొచ్చాడు. సెల్‌ఫోను నా ముందు బల్ల మీద పెట్టి, అమ్మమ్మా, మన పాత నియోజకవర్గం చరిత్ర రాస్తున్నాను, ఎవరి తర్వాత ఎవరు ఎమ్మెల్యేగా చేశారో వరసగా చెప్పు, అన్నాడు. పాత నియోజకవర్గం అని ఎందుకన్నాడంటే, ఇప్పుడది లేదు. పునర్విభజన అంటూ దాన్ని నిలువునా చీల్చి, సగం ఊళ్ళను చీరాల వైపు సముద్రప్పక్కకీ, మిగతా సగాన్ని చిలకలూరిపేట వైపు పత్తిమిల్లుల్లోకీ కలిపేశారు. అంచు ఎటుందో చూసుకోకుండా గుడ్డ తాను కత్తిరించే కొత్త గుమాస్తా కూడా అంత అడ్డదిడ్డంగా కత్తిరించడు.

వాడికి వరస చెప్పాను గానీ, నిజానికి నాకు పేర్ల కన్నా బేరాలు బాగా గుర్తుంటాయి. కొట్లో పుట్టి, కొట్లో పెరిగి, మరో కొట్లోకి కాపురానికి వచ్చినదాన్ని. మనిషి గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసి ఎంత దాకా దిగొస్తాడో చెప్పగలనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. మా మొదటి ఎమ్మెల్యే పెద్ద పొగాకు రైతు. ధరే అడక్కుండా పంచెల చాపులు చంకన పెట్టుకుపోయేవాడు. అలాంటివాళ్ళ వల్ల కొట్టుకి లాభమేగానీ ఊరికి లాభం లేదనేవాడు నాన్న. ఐదేళ్ళూ అయ్యాక చూస్తే నాన్న మాటే నిజమైంది.

రెండో ఆయన మిషను స్కూల్లో పాఠాలు చెప్పి చెప్పి, చుట్టుపక్కల పల్లెల్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మేష్టారు. ఎమ్మెల్యే అయ్యాక కూడా సైకిలు మీదే తిరిగేవారు. మా కొట్టుకొస్తే ధర అడిగి, మేం ఎంతంటే అంత తీసి ఇచ్చేవారు. ఒకసారి, రెండుసార్లు చూసి నాన్నకే సిగ్గేసి, బజారు మొత్తంలో ఆ ఒక్క మనిషికి మాత్రం మొదటే అసలు ధర చెప్పడం మొదలుపెట్టాడు. అది నా కళ్ళతో రోజూ చూసినదాన్నే నేను. అయినా, అంత తెలివైనదాన్ని, ఆ ముక్క అవసరమైన పూట నాకు గుర్తురాలేదు.

అప్పటికి నేను పదో తరగతి పాసై ఇంట్లో ఉన్నాను. మా ఊళ్ళో చదువు పదితో సరి. ఆపైన చదవాలంటే చీరాలో, పేటో బస్సెక్కి పోవాలి. మగపిల్లలు పోయేవాళ్ళు. నాన్న చెడ్డవాడు కాదు, చదువంటే పడనివాడూ కాదు. కాలేజీ మన ఊరొస్తే నాలుగడుగులేసి వెళ్ళి చదువుకో తల్లీ, బస్సుల్లో వేళ్ళాడుతూ ఊళ్ళు పట్టుకు తిరగడం మాత్రం నేను చూడలేను అన్నాడు, ఇక ఆ మాట మీదే ఉండిపోయాడు. అంచేత ఊరికి కాలేజీ వస్తుందా రాదా అన్నది బజారులో మిగతావాళ్ళకి ఊసుపోక మాట్లాడుకునే విషయమేమో గానీ, నాకు మాత్రం అది నా బతుకు ఎటు తిరుగుతుందన్న సంగతి. లెక్కలంటే ఇష్టం నాకు. లెక్కల టీచర్ని అవుదామనుకున్నాను.

మా పెదనాన్న అప్పట్లో వర్తక సంఘానికి అధ్యక్షుడు. ఎమ్మెల్యే గారికి అర్జీ ఇద్దామని బజారు పెద్దలంతా అనుకుని, నా దస్తూరీ బాగుంటుందని కాగితం నా చేతికిచ్చారు. మన ఊరికి జూనియర్ కాలేజీ కావాలని రాయవే, అన్నాడు పెదనాన్న.

నేను కలం మూత కూడా తియ్యలేదు.

"జూనియర్ కాలేజీ అని అడిగితే హైస్కూలుకి ఇంకో రెండు గదులు కట్టించి పొమ్మంటారు పెదనాన్నా. డిగ్రీ కాలేజీ అని అడుగుదాం. దిగి దిగి జూనియర్ కాలేజీ దగ్గరికొస్తారు. మనం ముప్పైకి అమ్మే చీరని ముప్పై అనే చెప్తామా?"

పెదనాన్న ఒక్క క్షణం నన్ను చూసి, నాన్న వైపు తిరిగి నవ్వాడు. "ఏరా, దీన్ని గుంటూరు మిరప బజార్లో కూచోబెడితే కాయలు మనకుంచి ఘాటు ఒక్కటే అమ్ముకొస్తుంది!"

అందరూ నవ్వారు. నేను మురిసిపోయి, గుండ్రటి అక్షరాలతో డిగ్రీ కాలేజీ అని రాసి, దాని కింద రెండు గీతలు కూడా కొట్టాను.

మేష్టారి ఇంటికి పెదనాన్నతో పాటు నేనూ వెళ్ళాను. వసారాలో బల్ల మీద కూచుని, కళ్ళజోడు తుడుచుకుని, అర్జీని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివారు. చదివి, ఇదేనా అమ్మాయ్ మీ అందరికీ కావలసింది, అని నన్నే అడిగారు. ఇదేనండీ అన్నాను. మా బజారులో ఆ మాటకి అర్థం, ఇక మీ మాట చెప్పండి అని. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మంచిది, దీనికోసమే పనిచేస్తాను, అన్నారు. బయటికొచ్చాక పెదనాన్న, బేరమాడలేదేమిటే ఈయన, అని కొంచెం అనుమానంగా అన్నాడు. అసెంబ్లీకి వెళ్ళాక అక్కడివాళ్ళు ఆడతారులే అన్నాను నేను, అన్నీ తెలిసినట్టు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆయన హైదరాబాదు వెళ్ళొచ్చినప్పుడల్లా మా కొట్టు ముందు సైకిలు ఆపేవారు. ఫైలు కదిలిందనీ, ఫలానా ఆఫీసరు దగ్గర ఉందనీ, స్థలం చూపించమన్నారనీ, ఊరి జనాభా చాలదంటున్నారనీ చెప్పి వెళ్ళేవారు. బేరం ఇంకా సాగుతోందిలే అనుకుని నేను పాత పుస్తకాలు అరువు తెచ్చుకుని ఇంటరు లెక్కలు నాకు నేనే చేసుకుంటూ ఉండేదాన్ని. ఈలోగా నియోజకవర్గం అటు కొసనున్న ఇంకో ఊరివాళ్ళు, మాకున్నంత తెలివి లేనివాళ్ళు, మాకు జూనియర్ కాలేజీ కావాలి అని అడిగి జూనియర్ కాలేజీ తెచ్చేసుకున్నారు. మాకన్నా చిన్న ఊరు. ఆ వార్త వచ్చిన రోజు కొట్లో ఎవరూ నా మొహం వైపు చూడలేదు. అమ్మ మాత్రం, పుస్తకాలు తిరిగిచ్చెయ్యరాదూ, పాపం వాళ్ళకి కావాలేమో, అంది. ఇచ్చేశాను. కొట్లో కూచున్నాను. మరో ఏడాదికి మేనబావతో సంబంధం ఖాయం చేశారు.

ఆ ఏడే వచ్చిన ఎన్నికల్లో మేష్టారు ఓడిపోయారు. మా బజారులో ఒక ఆనవాయితీ ఉండేది. గెలిచినవాడు ఊరేగింపుగా వస్తాడు, దండలు వేస్తాం. ఓడినవాడు మర్నాడు పొద్దున ఒంటరిగా నడిచొచ్చి ప్రతి కొట్టు దగ్గరా ఆగి దణ్ణం పెట్టి వెళతాడు, కూచోబెట్టి సోడా ఇస్తాం. ఓడినవాడికి ఏ కొట్టులోనూ ధర చెప్పకూడదు, ఏమీ అమ్మకూడదు. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, మంచి పద్ధతి. ఆయన వచ్చి మా అరుగు మీద కూచుని, నాన్నని కాదు, నన్నే పిలిచారు.

"నువ్వు రాసిచ్చింది తేలేకపోయాను అమ్మాయ్. ఏమీ అనుకోకు."

నా పెళ్ళి ఇంకో పది రోజుల్లో ఉంది. ఏమనుకుంటే మాత్రం ఏం లాభం అనిపించిందో, ఆయన మొహం చూసి ఉండబట్టలేకపోయానో, నిజం చెప్పేశాను. "మాకు కావలసింది జూనియర్ కాలేజీయేనండీ. డిగ్రీ అని బేరానికి రాశాను. మీరు తగ్గిస్తారనుకున్నాను."

ఆయన సోడా సీసా అరుగు మీద పెట్టేశారు.

"జూనియర్ కాలేజీ ఇస్తామని వాళ్ళు రెండుసార్లన్నారు తల్లీ! మా వాళ్ళడిగింది ఇది కాదు, డిగ్రీ కాలేజీ, అది తప్ప ఒప్పుకోను అని నేనే కాదన్నాను."

వెనకాల నాన్న మడతపెడుతున్న బట్ట మడతపెడుతున్నట్టే వదిలేశాడు. ఆయన కోప్పడలేదు. ఆయనే అన్నారు, తప్పు చేసినవాడు తనే అయినట్టు: "ముప్పయ్యేళ్ళు పేపర్లు దిద్దాను. పిల్ల ఏం రాస్తే అదే దిద్దాలి గానీ, మనసులో ఏముందో ఊహించి మార్కులెయ్యకూడదు గదా. ఆ అలవాటు పోలేదమ్మా నాకు."

ఆయన తర్వాత వచ్చిన ఎమ్మెల్యేలందరూ బేరం తెలిసినవాళ్ళే. పత్తి జిన్నింగు మిల్లు యజమాని ఒకాయన ఉండేవాడు. మేం రైలు గేటు మీద వంతెన అడిగితే ఆయన వాగు మీద కల్వర్టు దగ్గరికి దిగేవాడు, మేం దీపాలు కొసరు అడిగేవాళ్ళం, అటూ ఇటూ అందరం తృప్తిగా ఇళ్ళకి పోయేవాళ్ళం. డిగ్రీ కాలేజీ కూడా వచ్చింది, నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక. శంకుస్థాపనకి వెళ్ళి, శిలాఫలకం మీద మేష్టారి పేరు ఎక్కడైనా, ఏ మూలైనా ఉందేమోనని వెతికాను. కాయితాలన్నీ ఆయన తిరిగి తిరిగి పోగుచేసినవేనని తెలిసినవాళ్ళం అప్పటికే కొద్దిమందిమి. పేరు లేదు.

మొన్నటి ఎన్నికలప్పుడు కొత్త నియోజకవర్గం అభ్యర్థి, కుర్రాడు, మర్యాదస్తుడు, చేతులు జోడించి కొట్లోకొచ్చాడు. ఏం కావాలో చెప్పండి పెద్దమ్మా అన్నాడు. మేష్టారి ముందు ఆ రోజు చెప్పి ఉండాల్సినట్టే, పైసా ఎక్కువా తక్కువా లేకుండా చెప్పాను. సాయంత్రం కాలేజీ వదిలే వేళకి పల్లెల వైపు ఒక్క బస్సు, ఆడపిల్లలు ఆటోల్లో వేళ్ళాడుతూ పోతున్నారు బాబూ, అన్నాను. సరే, ఇంకా, అన్నాడు. ఇంకేం లేదు, అదే, అన్నాను. అతను కాసేపు నా మొహంలోకి చూసి, పక్కనున్నతనితో, పెద్దావిడ గట్టి బేరగత్తె, అసలుది ఇంకా బయటపెట్టట్లేదు, అని నవ్వి, దణ్ణం పెట్టి పక్క కొట్టుకెళ్ళాడు. అతని వెంట వచ్చినవాళ్ళలో ఒకడి చేతిలో పుస్తకం, కలం కూడా ఉన్నాయి. ఎవరూ రాసుకోలేదు.