గొలుసుకు నూనె పెట్టిన ఆదివారం

“జాకీ దూరుతలేదవ్వా. బండేమో నేలకు ఆనుకోనున్నది, జాకీ నా మోకాలంత ఎత్తున్నది.”

“కొన్ననాడు తెల్వదా గది? మనిషివి పొట్టిగున్నవని బండిని గూడ పొట్టిది తెచ్చుకుంటివి.”

“కాళ్లు నేలకు అందాలె గదనే. గొలుసు కీచుమంటే ఏమైతది? రేపు డ్యూటీకి పోయొచ్చినంక షాపుల నూనె పెట్టిస్త.”

“గింత నూనె పొయ్యనీకి షాపోని దగ్గరికెందుకు? ఇంట్ల జాకీ ఉండంగ.”

ఆ అవ్వను నేనే. ఆ రోజుల్లో నేను ఇలాగే ఉండేదాన్ని. ఆ రోజులంటే ఏ నిజాం కాలమో అనుకునేరు, మూడేళ్లే అయింది. అయినా అప్పటి నన్ను తలచుకుంటే వేరే ఎవరింటి ముసలావిడనో చూసినట్టు ఉంటుంది. మూడో తరగతితో బడి మానేశాను గానీ, నాకు రాని విద్య లోకంలో లేదన్న నమ్మకం మాత్రం కాలేజీ చదివినవాళ్ల కంటే ఎక్కువే ఉండేది. మా కొడుకుకు నడుము చెడి, బొగ్గుబాయి పనికి ఇక పనికిరాడని దవాఖాన వాళ్లు రాసిస్తే, ఆ నౌకరీ నా మనవరాలికి వచ్చింది. శిక్షణ కూడా అయిపోయింది. మర్నాడు సోమవారం పొద్దున ఏడు లోపు బాయి గేటు దగ్గర ఆమెకు మొదటి మస్టర్ పడాలి, అంటే హాజరు. తొలిరోజే ఆలస్యమైతే ‘ఆడపిల్లకు బాయి పనెందుకు’ అని ఏడాది పొడవునా అనేవాళ్లకు మా గోదావరిఖనిలో కొదవ లేదు. బాయి మా క్వార్టర్‌కు నాలుగు కిలోమీటర్లు. దానికోసమే ఆ పాత మోటార్ సైకిల్ బండి కొనుక్కుంది. బండి బాగానే నడిచేది, గొలుసు మాత్రం పిల్లి తోక తొక్కినట్టు అరిచేది. ఆ అరుపుతో నా మనవరాలు గేటు ముందు దిగితే షిఫ్టు షిఫ్టంతా తల తిప్పి చూస్తుందని నా బాధ.

గొలుసుకు నూనె పెట్టాలంటే వెనక చక్రం గాలిలో తిరగాలి. ఆ బండికి పక్క స్టాండు తప్ప నడిమి స్టాండు లేదు. జాకీ సంగతి చెప్పాలంటే, మా ఆయన ఎప్పుడో పాత ఇనుప సామాన్ల దుకాణంలో తూకానికి తెచ్చిన కారు జాకీ అది. (కారు మాకు ఏనాడూ లేదు. జాకీ ఉంటే కారు దానంతట అదే వస్తుందని ఆయన ఆశ కాబోలు.) ఇన్నేళ్లకు దానికి పని దొరికిందని నేను ముచ్చటపడుతుంటే, అది బండి కింద దూరనంటోంది. “జాకీ ఎత్తయితే భూమిని తక్కువ చేద్దాం,” అని గడ్డపార తెచ్చి బండి కింద గుంత తవ్వించాను. జాకీ గుంతలో కూర్చుంది. పిడి తిప్పాం. మా పెరడంతా బూడిద పోసి చదును చేసిన నేల. తిప్పినకొద్దీ బండి పైకి లేవలేదు, జాకీ కిందికి దిగింది. నా రొట్టెల పీట తెచ్చి జాకీ కింద పెట్టాను. పీట రెండు ముక్కలైంది. మనవరాలు నుదురు తుడుచుకుంటూ, “అవ్వా, ఇంకో జాకీ తెచ్చి ఈ జాకీని లేపుదామా?” అంది.

అప్పటిదాకా మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్న మా ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆయన బాయిలో కప్పు కూలకుండా గుంజలు నిలబెట్టే పని చేసి రిటైరైన మనిషి. “మీ ఇద్దరికి అకల్ లేదు, బుర్ర లేదు,” అన్నాడు. “బాయిల మేం కప్పును లేపుతమా? కప్పును గుంజల మీద ఆపి, కింద బొగ్గు తీస్తం. చక్రం గాలిల ఉండాలంటే బండినెందుకు లేపుడు? కింది మన్ను తీస్తె పాయె.”

పెళ్లయిన నాటి నుంచి ఆయన ఏ మాట అన్నా తప్పు పట్టిన నాకు, ఆ మాటలో ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ఆయన జాకీని లాగేసి, బండి నడుము కింద కట్టెముక్కలను అడ్డం ఒకటి నిలువు ఒకటి పేర్చి రెండు దొంతులు కట్టాడు. అటూ ఇటూ రెండు గుంజలు ఆనించాడు. ఒక్కో గుంజను సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, తల ఊపాడు. తర్వాత ముగ్గురం వంతులవారీగా, జారే బూడిదను తోడుతూ తోడుతూ వెనక చక్రం కింద తొడలోతు తవ్వాం. చక్రం గాలిలో నిలిచింది. మనవరాలు చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. నేను బూరెలు కాల్చగా మిగిలిన నూనె గొలుసు మీద పోశాను. (పారబోయడానికి మనసొప్పక దాచిన నూనె.)

“వాసనకు కుక్కలు ఎంటపడ్తయేమోనే,” అంది మనవరాలు.

“పడనియ్. జల్ది పోతవు.”

గొలుసు అరుపు ఆగింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. అక్కడితో ఆపి గుంత పూడ్చి ఉంటే ఈ కథ లేదు. కానీ బాయిలో బొగ్గంతా తీశాక ఆ చోటు పూడ్చరట. గుంజలు ఒక్కొక్కటే లాగేసి, కప్పును దాని ఖర్మకు వదిలేస్తారట. ఎన్నో ఏళ్లు అదే పని చేసిన చేతులు. మా ఆయన సుత్తి అందుకుని, “పనైపోయింది. గుంజలు తీస్తున్న, అందరు జరుగుండ్రి,” అని కేక పెట్టాడు. మా కాలనీలో ఆ మాట వింటే ఎవరైనా ముందు జరుగుతారు, తర్వాత ఆలోచిస్తారు. మేమూ బుద్ధిగా గోడదాకా జరిగి నిలబడ్డాం. ఆయన గుంజలు తీశాడు. దొంతులకు ఒక్కొక్క దెబ్బ వేశాడు. బండి సీటు దాకా గుంతలోకి దిగి, పొగగొట్టం నిండా బూడిద మింగి, ముందు దీపంతో ఆకాశాన్ని చూస్తూ ఆగింది.

“మంచిగ దిగింది,” అన్నాడు మా ఆయన తృప్తిగా.

“తాతా, రేపు నేను గా కప్పు మీదనే డ్యూటీకి పోవాలె,” అంది మనవరాలు.

ఆయన సుత్తి పక్కన పడేసి బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. చీకటి పడేదాకా ముగ్గురం గుంజాం, అది జాన కూడా కదల్లేదు. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, “ఏంది వదినా, మావోళ్లను పిలువాల్నా?” అని అడిగింది. నలుగురు మగవాళ్లున్న ఇల్లు అది. నేను చీర కొంగు దులుపుకుని, “ఏం లేదు, మొక్క నాటుతున్నం,” అన్నాను. ఇవాళైతే అలా అనేదాన్ని కాను. కానీ ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పటి నాలోని ఆ ముసలిదాని పొగరు మీద కోపం రాదు, కొంచెం జాలేస్తుంది. ఆ పొగరుకు వెల చెల్లించాల్సింది ఆమె కాదు, మనవరాలు.

మర్నాడు పొద్దున ఐదున్నరకే ముగ్గురం నడిచి బయల్దేరాం. మొదటి షిఫ్టుకు పోయే ఆటోలకు చెయ్యెత్తాం, అన్నీ నిండే పోయాయి. గేటు దగ్గర హాజరు రాసే బాబు మా ముగ్గురినీ చూసి, “డ్యూటీ ఎవరిది?” అని అడిగాడు. ఉతికిన బట్టల్లో ఉన్నది మనవరాలు, గొలుసు మడ్డి ఎంత తోమినా పోక మోచేతుల దాకా నల్లగా ఉన్నది నేను.

“నాది సార్,” అంది మనవరాలు.

ఏడుకు ఇంకా పది నిమిషాలు ఉండగా మస్టర్ పడింది. ఆమె టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. మా ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు. నేనే, “పోదాం పా. పక్కింటోళ్లను పిలిచి బండి తీయాలె,” అన్నాను.